కొళాయి నీళ్ళా, క్యాన్ నీళ్ళా? మన తండాల నీళ్ళ చరిత్ర



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి, వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. ఎందుకంటే ఇందులో సగం వాళ్ళకు తెలిసిన సంగతే.

మేము కొండాపురం చుట్టుపక్కల తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి, యానాది ఇళ్ళ నుంచి చదువుకోడానికి బయటికొచ్చిన పిల్లలం. జమ్మలమడుగులో కొందరం, ప్రొద్దుటూరులో కొందరం, పులివెందులలో కొందరం ఉంటాం. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు మాలో ఒకరి తండాలో ఒక పంచాయితీ జరిగింది. ఒకాయన వచ్చి వాటర్ ప్లాంటు పెడతానన్నాడు. జాగా తండావాళ్ళు ఇవ్వాలి, బోరు తండాదే. క్యాన్ పది రూపాయలకు ఇస్తానన్నాడు. ఇప్పుడు ఆటోలో వచ్చే క్యాన్ ఇరవై రూపాయలు. కొళాయి చూస్తే మూడు నాలుగు రోజులకొకసారి వస్తుంది, వచ్చినా అరగంట.

మా వయసోళ్ళందరం ఒక్కమాటగా ప్లాంటు పెట్టించమన్నాం. ఒక అవ్వ మాత్రం లేచి అడిగింది. "మేం కూలికి పోయిన చేన్లన్నీ గండికోట నీళ్ళ కింద ఉండాయి. ఆ నీళ్ళు ఎవురికోసరం నిలబెట్టినారు నాయనా? మల్లా మీరు నీళ్ళు కొందామంటాండారు."

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. హాస్టలుకు తిరిగొచ్చాక ఆ మాట మమ్మల్ని వదల్లేదు. అసలు మన జాతులు నీళ్ళు కొనుక్కునే దాకా ఎట్లా వచ్చాయి? కొళాయి మంచిదా, క్యాన్ మంచిదా అని కొట్లాడుకునే ముందు ఈ ప్రశ్నకు జవాబు కావాలి. మేము చదివింది, విన్నది, మాట్లాడుకున్నది ఇక్కడ పెడుతున్నాం.

నీళ్ళ దగ్గరికి మనం పోయిన కాలం

సుగాలీలను, లంబాడీలను పుస్తకాల్లో బంజారాలు అంటారు. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు. మొగలాయి సైన్యాలకు సరుకు మోశారు. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కార్న్‌వాలిస్ సైన్యానికి ధాన్యం అందించింది కూడా బంజారా బిడార్లే. ఎరుకలవాళ్ళు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా అమ్మారు. వందల ఎద్దులతో పోయే గుంపుకు అన్నిటికంటే ముందు కావాల్సింది నీళ్ళు. ఏ వంకలో ఏ నెలలో చెలమ తీస్తే ఊట వస్తుందో, ఏ కుంట ఉగాది దాకా నిలుస్తుందో తెలిసినోడే నాయకుడు. తండా ఎక్కడ దిగాలో నీళ్ళే చెప్పేవి.

మన సీమలో నీళ్ళు దొరకడం ఎప్పుడూ సులువు కాదు. అందుకే ఇక్కడ చెరువు తవ్వించడం పెద్ద పుణ్యమని రాజులు శాసనాలు వేయించుకున్నారు. మన జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు అందులో ఉన్నాయి. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరు కూడా లేదు. గండికోట కోటలోకి పోయి చూస్తే కత్తుల కోనేరు, రాయల చెరువు ఇప్పటికీ కనిపిస్తాయి. అంటే నీళ్ళు నిలబెట్టడం అనేది ఒకరి వ్యాపారం కాదు, పాలించేవాడి బాధ్యత అనే ఆలోచన ఈ నేలకు పాతదే.

ఎండాకాలం చలివేంద్రం పెట్టడం కూడా అట్లాంటిదే. దారిన పోయేవాడికి కుండలో నీళ్ళు పోయడానికి డబ్బు అడగడం తప్పని మన పల్లెల్లో చిన్నపిల్లకు కూడా తెలుసు.

ఇక మన సేవాలాల్ మహారాజ్. 1739 ఫిబ్రవరి 15న గుత్తి ప్రాంతంలో పుట్టారని జయంతి చేసుకుంటాం. ఇప్పుడు సేవాగఢ్ అంటున్న చోటు అదే. కొండాపురం స్టేషన్లో రైలెక్కితే తాడిపత్రి దాటి గుత్తి చేరతాం, అంత దగ్గర. ఒక రోజు వస్తుంది, అప్పుడు గిన్నెడు నీళ్ళు రూపాయికి అమ్ముతారు అని ఆయన చెప్పినట్టు మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చిన్నప్పుడు ఆ మాట వింటే నవ్వొచ్చేది. ఇప్పుడు స్టేషన్లో లీటరు బాటిల్ కొనేటప్పుడు నవ్వు రాదు.

1871

మన చరిత్రలో 1871 గుర్తుపెట్టుకోవాల్సిన సంవత్సరం. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా వేసిన రైలు మార్గం ఆ ఏడాదికి బొంబాయి లైనుతో కలిసింది. మన కొండాపురం మీదుగా పోయే లైను అదే. ఎద్దుల మీద నెలలు పట్టే సరుకు రోజుల్లో పోవడం మొదలైంది. బిడారు బతుకు అక్కడితో విరిగింది. ఉప్పు మీద పన్ను, అడవుల మీద ఆంక్షలు అంతకు తోడయ్యాయి.

అదే 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. తిరిగేవాడు దొంగ అని రాసిపెట్టారు. ఎరుకలవాళ్ళను స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేశారు. ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ పోలేదు.

దీనికీ నీళ్ళకూ సంబంధం ఏంటని మీరు అడగొచ్చు. మాకు అర్థమైంది ఇది. తిరిగే రోజుల్లో నీళ్ళ దగ్గరికి మనం పోయాం. ఒకచోట నిలబడమన్నాక నీళ్ళు మన దగ్గరికి రావాల్సిన పరిస్థితి వచ్చింది. మనకు దొరికిన జాగా ఎక్కడ? ఊరి బయట, గుట్ట పక్కన, చవుడు నేలలో. మంచి బావి ఊరి మధ్యలో ఉంటుంది, చెరువు ఆయకట్టు ఉన్నోడి చేతిలో ఉంటుంది. అప్పటి నుంచి మన ఆడవాళ్ళ నెత్తిమీద బిందె దిగలేదు.

బావి దగ్గర కులం

ఊరబావి మనకు ఎప్పుడూ ఊరిది కాదు. యానాది అవ్వలు చెప్పేది వింటే, తోడేవాళ్ళు దయతలచి పైనుంచి పోస్తే పట్టుకోవాలి, లేకపోతే వంకలో చెలమ తవ్వుకోవాలి. ఇది మన ఒక్క జిల్లా కథ కాదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి చవదార్ చెరువులో నీళ్ళు తాగారు. ఆ చెరువును అందరికీ తెరుస్తూ అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోతే మనుషులు పోయి దోసిలి పట్టాల్సి వచ్చింది. కోర్టు కేసు 1937 దాకా నడిచి, చివరికి హైకోర్టులో గెలిచారు.

అందుకే మన రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు రాసి మరీ, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని చెప్పింది. అంత పెద్ద పుస్తకంలో బావి అనే మాట ఎందుకొచ్చిందో ఆలోచించండి.

రాసినంత మాత్రాన ఆగలేదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది తాగే నీళ్ళ చెరువు దగ్గరే. దళితులు తాగే నీళ్ళలో గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు జూలై 17న దాడి చేసి ఆరుగురిని చంపారు. నీళ్ళ పంచాయితీ అంటే ఉత్త నీళ్ళ పంచాయితీ కాదని మనకు ఆ ఊరు చెప్పింది.

ఈ నేపథ్యంలో బోరింగు, కొళాయి వచ్చాయి. 1970ల చివర్లో యునిసెఫ్ సాయంతో తయారైన ఇండియా మార్క్ టూ చేతిపంపు పల్లెపల్లెకూ చేరింది. మన కాలనీలో మన బోరింగు అనేది చిన్న సంగతి కాదు. దానికి ఎవరి దయా అక్కరలేదు, చేతిలో బలం ఉంటే చాలు. తర్వాత ట్యాంకు, పైపు, కొళాయి వచ్చాయి. కొళాయి తిప్పేటప్పుడు నీ కులమేందని అది అడగదు. బాధ్యత ప్రభుత్వానిది. రాకపోతే ఎవరిని అడగాలో తెలుసు.

సీసా ఎక్కడి నుంచి వచ్చింది?

మన దేశంలో సీసా నీళ్ళ కథ 1965లో బొంబాయిలో మొదలైంది. బిస్లెరి అనే ఇటలీ పేరుతో గాజు సీసాల్లో, పెద్ద హోటళ్ళలో అమ్మారు. 1969లో పార్లే వాళ్ళు దాన్ని కొన్నారు. చాలా ఏళ్ళు అది ధనవంతుల నీళ్ళే. ప్లాస్టిక్ సీసా చవకయ్యాక బస్టాండుకు, రైల్వే ప్లాట్‌ఫారానికి వచ్చింది. ఒకప్పుడు ఇదే రైల్వేలో హిందూ నీళ్ళు, ముస్లిం నీళ్ళు అని వేరువేరు కుండలు ఉండేవి. 2003లో రైల్వే తన సొంత సీసా నీళ్ళు, రైల్ నీర్, మొదలుపెట్టింది.

అమ్మకాలు పెరిగాక కొలతలు వచ్చాయి. 2001లో సీసా నీళ్ళకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, ఢిల్లీ, ముంబై ప్రాంతాల్లో అమ్మే పేరున్న సీసాలను పరీక్ష చేసి, చాలావాటిలో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని బయటపెట్టింది. దేశమంతా గొడవైంది. కారణం సులువే. ఫ్యాక్టరీ నీళ్ళు కూడా భూమిలోంచి వచ్చినవే. పొలంలో కొట్టిన మందు భూమిలోకి, భూమిలోంచి బోరులోకి, బోరులోంచి సీసాలోకి వచ్చింది. ఆ తర్వాత నిబంధనలు గట్టిపరిచారు. 2024 చివర్లో ఆహార భద్రతా సంస్థ సీసా నీళ్ళను ప్రమాదం ఎక్కువుండే ఆహారాల జాబితాలో చేర్చింది. అంటే తనిఖీలు ఎక్కువ ఉండాలని.

ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. మనం క్యాన్ నీళ్ళను మినరల్ వాటర్ అంటాం. నిజమైన సహజ మినరల్ వాటర్‌కు వేరే ప్రమాణం ఉంది. ఆర్ఓ యంత్రం చేసే పని ఖనిజాలను తీసేయడం. కాబట్టి మనం తాగేది మినరల్ తీసేసిన నీళ్ళు. పైగా సీలు లేకుండా, ఐఎస్ఐ గుర్తు లేకుండా ఆటోలో వచ్చే ఇరవై లీటర్ల క్యాన్‌కు, అంగట్లో సీలు బాటిల్‌కు ఉండే పరీక్షలు కూడా ఉండవు. మాలో కొందరు ఉన్న ఒక హాస్టల్లో క్యాన్ అడుగున పచ్చటి పాకుడు కనిపించింది. ఆ వారం ముగ్గురికి వాంతులు, విరేచనాలు. నీళ్ళ వల్లేనని రుజువు చేయలేం. కానీ ఆ క్యాన్ ఎప్పుడు కడిగారని అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

క్యాన్ తాగేవాళ్ళ తప్పేం కాదు

ఇంతవరకు చదివి మేము క్యాన్‌కు పూర్తిగా వ్యతిరేకం అనుకోవద్దు. అవతలి వైపు వాదన కూడా బలమైనదే.

మొదటిది ఫ్లోరైడ్. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలు వంగిపోయిన మనుషులను డాక్టర్లు చూసి, నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల అని రాశారు. దేశంలో ఈ జబ్బును మనుషుల్లో గుర్తించింది అక్కడే. తర్వాత నల్లగొండ కథ అందరికీ తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అనేది మన ప్రమాణం. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అట్లాంటి చోట ఆర్ఓ నీళ్ళు పిల్లల ఎముకలను కాపాడతాయి. అక్కడ పోయి క్యాన్ తాగొద్దని ఉపన్యాసం ఇస్తే అది పాపం.

రెండోది మన నేల. సున్నపురాయి పొరల్లోంచి, కడప బండల మధ్యలోంచి వచ్చే బోరు నీళ్ళు గట్టిగా ఉంటాయి. పప్పు ఉడకదు, బిందె లోపల తెల్లగా పెంకు కడుతుంది. పులివెందుల వైపు తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం శుద్ధి జరుగుతోంది. అక్కడి వ్యర్థాల చెరువు దగ్గరి ఊళ్ళ రైతులు బోర్లు చెడిపోయాయని ఏళ్ళుగా చెప్తున్నారు, సంస్థ కాదంటోంది. అట్లాంటి చోట ఉండే తల్లి కొళాయిని చూసి భయపడితే ఆమెను ఏమనగలం? కానీ ఇదే చోట ఇంకో ప్రశ్న కూడా అడగాలి. క్యాన్ ప్లాంటు బోరు ఎక్కడుంది? అదే నేలలో కదా?

మూడోది ఎవరూ పైకి చెప్పనిది. మన ఇంట్లో చెంబుతో నీళ్ళిస్తే ముట్టుకోని పెద్దమనిషి, సీలు బాటిల్ ఇస్తే మూత తిప్పి గటగటా తాగుతాడు. మా యాడి ఒకరోజు ఇంటికొచ్చిన ఆఫీసరుకు ఇవ్వడానికని అంగడికి పరిగెత్తి బాటిల్ తెచ్చింది. మేము గర్వపడ్డాం. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. సిగ్గు మా యాడి గురించి కాదు. బాటిల్ అంటరానితనాన్ని పోగొట్టలేదు, ఇరవై రూపాయలకు దాని మీద మూత పెట్టింది. అయినా ఆ మూత కోసం డబ్బు పెట్టే మనవాళ్ళను తప్పు పట్టలేం.

లెక్క

ఇప్పుడు ఉత్త లెక్క చూద్దాం. ఐదుగురున్న ఇంట్లో రోజుకొక క్యాన్, ఇరవై రూపాయలు. ఏడాదికి 7,300 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఇంట్లో ఒక మనిషి దాదాపు 24 రోజులు ఎండలో మట్టి తవ్విన కూలి నీళ్ళకే పోతుంది. క్యాన్ పది రూపాయలైనా పన్నెండు రోజుల కూలి.

2014 అక్టోబరు 2న మన రాష్ట్రంలో ఎన్టీఆర్ సుజల పథకం పెట్టినప్పుడు ఇరవై లీటర్లు రెండు రూపాయలకు ఇస్తామన్నారు. ఇరవై లీటర్లను లీటరు సీసాల్లో కొంటే నాలుగు వందలు. అవే ఇరవై లీటర్లకు ధర రెండు వందల రెట్లు. చాలాచోట్ల ఆ ప్లాంట్లు మూతపడ్డాయి. యంత్రం ఇచ్చినవాడు పోయాక ఫిల్టరు మార్చేది ఎవరు, కరెంటు బిల్లు కట్టేది ఎవరు అనే దగ్గర ఆగిపోతాయి. మా తండాకు వచ్చిన ప్లాంటు ఆయనను కూడా ఈ ప్రశ్నే అడగాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆర్ఓ యంత్రం తోడిన నీళ్ళన్నీ క్యాన్‌లోకి రావు. సగానికి అటూ ఇటూ, ఉప్పు చిక్కబడి, బయటికి పోతాయి. కరువు సీమలో తండా బోరులోంచి తోడి, ఆ ఉప్పు నీళ్ళను పక్క వంకలో వదిలితే పదేళ్ళ తర్వాత ఆ బోరు ఏమవుతుంది?

కేరళలోని ప్లాచిమడ మనకు పాఠం. పాలక్కాడ్ జిల్లాలో ఆ ఊళ్ళో 2000లో కోకాకోలా ప్లాంటు వచ్చింది. కొన్నాళ్ళకు చుట్టూ బావుల నీళ్ళు అడుగంటాయని, తాగడానికి పనికిరాకుండా పోయాయని ఆదివాసులు చెప్పారు. 2002 ఏప్రిల్ 22న గేటు ముందు దీక్షకు కూర్చున్నారు. ఎరవాళర్ ఆదివాసీ మహిళ మయిలమ్మ ఆ పోరాటానికి ముఖం. 2003లో పెరుమట్టి పంచాయతీ లైసెన్సు కొనసాగించేది లేదంది. 2004 మార్చిలో ప్లాంటు ఆగింది. చదువు లేని ఆదివాసీ ఆడవాళ్ళు సొంత బావి నీళ్ళతో అన్నం వండి చూసి, తేడా కనిపెట్టి, ఆ మాట మీద నిలబడ్డారు.

అమెరికాలో కూడా ఇట్లాంటి కథ ఉంది. మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊరు, ఎక్కువ మంది నల్లజాతివాళ్ళు. 2014 ఏప్రిల్లో ఖర్చు తగ్గించడానికి నీళ్ళ మూలం మార్చారు. సరిగ్గా శుద్ధి చేయకపోవడంతో పాత పైపుల్లోని సీసం కొళాయిలోకి వచ్చింది. తల్లులు బాటిళ్ళలో రంగు నీళ్ళు పట్టుకుని పోయి అధికారుల ముందు పెడితే ఏం కాదన్నారు. చివరికి ఊరంతా ప్లాస్టిక్ సీసాల మీద బతికింది. అక్కడ సీసా ప్రాణం కాపాడింది, నిజమే. కానీ ఫ్లింట్ జనం సీసాలతో సరిపెట్టుకోలేదు. మా పైపులు మార్చండని కొట్లాడారు. సీసా ఆపదలో మందు లాంటిది, రోజూ తినే అన్నం కాదు.

గండికోట

ఇప్పుడు అవ్వ అడిగిన ప్రశ్నకు వద్దాం.

గాలేరు-నగరి సుజల స్రవంతిలో భాగంగా పెన్నా మీద కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా కృష్ణా నీళ్ళు అందులోకి వస్తాయి. దాని కింద 22 ఊళ్ళు మునిగాయి. కొండాపురం మండలంలోని ఊళ్ళే అందులో ఎక్కువ. 2020లో తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళొచ్చినప్పుడు జనం రోడ్డు మీద కూర్చోవడం మనం చూశాం. భూమి ఉన్నోళ్ళకు భూమి లెక్క, ఇల్లు ఉన్నోళ్ళకు ఇంటి లెక్క కట్టారు. కూలికి పోయేవాడికి, వంకలో చేపలు పట్టే యానాదికి, ఈతాకుతో బుట్టలు అల్లే ఎరుకలకు పోయినదాన్ని ఏ లెక్కలో రాస్తారు?

మనం ఇచ్చింది ఇది. అట్లాంటప్పుడు ఆ నీళ్ళు శుద్ధి అయి మన కొళాయిలోకి రావాలని అడగడం భిక్ష కాదు. లింగాల మండలం పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయం నుంచి అనంతపురం జిల్లా పల్లెలకు 1990లలోనే సత్యసాయి తాగునీటి పథకం పైపులు పోయాయి. జలాశయం నీళ్ళు దూరపు పల్లెకు పైపులో పోవడం అసాధ్యం కాదని మన కళ్ళ ముందే రుజువుంది. పైగా నది నీళ్ళలో లోతు బోరుకుండే ఫ్లోరైడ్ సమస్య మామూలుగా తక్కువ.

చట్టం కూడా మన వైపే ఉంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువుల కేసులో, అంటే మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కేసులోనే, తాగునీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో చెప్పింది. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి నీళ్ళు మానవ హక్కు అంది. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించేటప్పటికి దేశంలో పల్లెల్లో ఆరిళ్ళలో ఒక ఇంటికే కొళాయి ఉంది. మనిషికి రోజుకు 55 లీటర్లు, ప్రమాణాలకు తగిన నీళ్ళు ఇవ్వాలని ఆ పథకం చెప్తుంది. ఐదుగురి ఇంటికి 275 లీటర్లు. క్యాన్ ఇచ్చేది ఇరవై.

మేము అనుకుంటున్నది

క్యాన్ వల్ల అసలు నష్టం ఆరోగ్యం ఒక్కటే కాదు. తండాలో డబ్బున్న పది ఇళ్ళు క్యాన్‌కు మళ్ళితే కొళాయి గురించి గట్టిగా అడిగే గొంతులు పది తగ్గుతాయి. మిగిలేది ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, కూలి దొరకని ఇళ్ళు. వాళ్ళ మాట ఎవరు వింటారు? మనకు అన్యాయం జరుగుతున్నది కొళాయి వల్ల కాదు, కొళాయిని అడగడం మానేసినందువల్ల.

అందుకని ఈ సెలవుల్లో ప్రతి తండాలో, కాలనీలో మన పిల్లలు చేయాల్సిన పనులు రాస్తున్నాం.

ఒకటి, ముందు పరీక్ష. వాదన తర్వాత. కొళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, క్యాన్ నీళ్ళు మూడూ గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఇవ్వండి. ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మక్రిములు చూడమని రాసివ్వండి. ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్టు మీద శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్‌లో ఉంది. ఆ ఐదుగురిలో మన అక్కచెల్లెళ్ళు ఉన్నారా? గ్రామ నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. అందులో తండా నుంచి ఎవరున్నారో పంచాయతీలో అడగండి.

రెండు, మోసపోవద్దు. ఫిల్టర్లు అమ్మేవాళ్ళు రెండు ఇనుప కడ్డీలు కొళాయి నీళ్ళలో పెట్టి కరెంటు ఇస్తే నీళ్ళు గోధుమ రంగుకు మారతాయి. చూడండి ఎంత మురికో అంటారు. ఆ రంగు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చినది. ఆర్ఓ నీళ్ళలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, రంగు రాదు. అంతే. టీడీఎస్ మీటరు కూడా కరిగిన లవణాల మొత్తం చెప్తుంది గానీ, ఫ్లోరైడ్ ఎంతో, క్రిములు ఉన్నాయో లేదో చెప్పదు. టీడీఎస్ 500 లోపు మంచిది, వేరే మూలం లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు.

మూడు, కొళాయి నీళ్ళలో బ్లీచింగ్ వాసన వస్తే భయపడొద్దు. చివరి ఇంటి కొళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలని నిబంధన. ఆ వాసన క్రిములకు కాపలా. క్యాన్ నీళ్ళలో ఆ కాపలా ఉండదు, కాబట్టి మూత తీసిన క్యాన్‌ను రోజుల తరబడి పెట్టుకోవద్దు. ఏ నీళ్ళైనా బిందె కడిగి పట్టండి, చేయి ముంచకండి.

నాలుగు, పరీక్షలో ఫ్లోరైడ్ ఎక్కువ తేలితే, మంచి కొళాయి వచ్చేదాకా చిన్నపిల్లలకు, గర్భిణులకు శుద్ధి చేసిన నీళ్ళే ఇవ్వాలి. ప్లాంటు పెట్టాల్సి వస్తే అది తండా మహిళా సంఘం చేతిలో ఉండాలి, లెక్క గోడ మీద రాయాలి, ఫిల్టరు మార్చే తేదీ అందరికీ తెలియాలి. దానితో పాటు కొళాయి కోసం అర్జీ ఆగకూడదు.

మా తండా పంచాయితీ ఇంకా తేలలేదు. ప్లాంటు ఆయనకు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమని చెప్పాం. మా వయసోళ్ళలోనే కొందరికి కోపం వచ్చింది. ఎండాకాలం పోయేదాకా ఆగుతామా అన్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. ఈలోపు కొళాయి రోజూ రావాలని అర్జీ రాశాం. సంతకాలు పెట్టినవాళ్ళలో, వేలిముద్రలు వేసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మొదటి వేలిముద్ర ఆ అవ్వది.

తీజ్ పండగకు మన ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్ళు పోసి పెంచుతారు. వచ్చే తీజ్‌కు ఆ నీళ్ళు మా తండా కొళాయిలోంచి పట్టాలని మా కోరిక. మీ తండాలో, మీ కాలనీలో నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవో, ఎవరు ఆపారో, ఎవరు తెచ్చారో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టండి. మన నీళ్ళ చరిత్ర వేరేవాళ్ళు రాయరు.

జై సేవాలాల్. జై భీమ్.